ఎవరి పేరు రాయమంటారు నాన్నా?



మాది కృష్ణా డెల్టాలో కాలువ పక్కన ఒక చిన్న ఊరు. మా వారు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. మా రెండవ అమ్మాయి నర్సు. 2022లో ఇంగ్లండులో ఉద్యోగం వచ్చి వెళ్ళింది. ఆమె పరీక్షలకూ, ప్రయాణానికీ చేసిన అప్పు మా తల మీద ఉంది. అమ్మాయి నెలనెలా పాతిక వేలు పంపిస్తే అది కొంచెం కొంచెంగా తీరుతూ వచ్చింది. అప్పటికి మా ఇంటా వంటా కారు లేదు. అటువంటి మాకు, సముద్రాల అవతల నడవబోయే ఒక పాత కారు బీమా గురించి ఒక రాత్రంతా నిద్ర లేకుండా పోయింది. పిల్లలున్న ప్రతి కుటుంబానికీ పనికివస్తుందని ఆ సంగతి రాస్తున్నాము.

అమ్మాయి ఉండేది లింకన్‌షైర్ అనే ప్రాంతంలో. అది మన డెల్టా వంటిదే. కనుచూపు మేర చదునైన పొలాలు, బంగాళాదుంప, క్యాబేజీ, గోధుమ. రోడ్ల పక్కనే లోతైన మురుగు కాలువలు. బస్సులు తక్కువ. అమ్మాయికి ఆసుపత్రిలో పని తీసివేసి, ఇళ్ళకు వెళ్ళి ముసలివారికి, మంచం పట్టినవారికి కట్లు కట్టే పని ఇచ్చారు. ఆ పనికి కారు తప్పదు.

మన దేశపు లైసెన్సుతో అక్కడ నివాసం ఏర్పరచుకున్నవారు 12 నెలలు మాత్రమే నడపవచ్చు. తరువాత అక్కడి లైసెన్సు తీసుకోవాలి. మన లైసెన్సును మార్చి ఇవ్వరు, పరీక్షలన్నీ మొదటి నుండి రాయవలసిందే. పైగా మా అమ్మాయికి ఇక్కడ ఉన్నది స్కూటరు లైసెన్సు మాత్రమే. కాబట్టి అక్కడ ఓనమాలతో మొదలుపెట్టింది. నేర్చుకునేవారి లైసెన్సుకు 34 పౌండ్లు, రాత పరీక్షకు 23 పౌండ్లు, రోడ్డు పరీక్షకు 62 పౌండ్లు. నేర్పే ఆయనకు గంటకు ఇంత అని వేరే. రాత పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగా రాయాలి. ఆ తరువాత వీడియోలు చూపించి, రాబోయే ప్రమాదాన్ని ఎంత ముందుగా కనిపెడతారో చూస్తారు. రోడ్డు మీద దాదాపు నలభై నిమిషాలు పక్కన కూర్చొని పరీక్షిస్తారు. చిన్న తప్పులు 15 వరకు క్షమిస్తారు గాని, పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఇంటికే. మన ఆఫీసు ముందు ఎనిమిది అంకె తిప్పి వచ్చిన మా వారు ఇవన్నీ విని, “మనం పరీక్ష రాశామనుకున్నాం గాని, అది హాజరు పట్టీ” అన్నారు.

మొదటిసారి తప్పింది. 2024 మార్చిలో రెండవసారి గెలిచింది. ఆ రోజు ఫోనులో అమ్మాయి ముఖం చూసి మేమూ సంతోషించాము. కష్టాలన్నీ తీరాయనుకున్నాము.

నాలుగు రోజుల తరువాత మళ్ళీ ఫోను చేసింది. గొంతు తగ్గి ఉంది. 2,600 పౌండ్లకు ఒక పాత కారు చూసుకుందట. దాని బీమాకు ఏడాదికి 1,940 పౌండ్లు అడుగుతున్నారట. మన లెక్కలో కారు ఖరీదు సుమారు రెండు లక్షల డెబ్బై వేలయితే, బీమా సుమారు రెండు లక్షలు. చారాన కోడికి బారాన మసాలా అని మనవారు అంటారే, అలా ఉంది.

“అంత ఎందుకమ్మా? నువ్వేమి తప్పు చేశావు?” అని అడిగాము.

“తప్పు చేయలేదమ్మా. కొత్తగా లైసెన్సు వచ్చింది, అంతే” అంది.

అప్పుడు మాకు ఒక విషయం తెలిసింది. మన దగ్గర బీమా ధర ముఖ్యంగా బండిని చూస్తుంది. ఎదుటివారికి జరిగే నష్టానికి చట్టప్రకారం తప్పనిసరిగా చేయించే మూడవ పక్షం బీమా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన ధరల ప్రకారం వెయ్యి సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, వెయ్యి నుండి పదిహేను వందల సీసీ వరకు 3,416 రూపాయలు. నడిపేది నిన్న లైసెన్సు తెచ్చుకున్న పిల్లవాడైనా, ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న పెద్దమనిషి అయినా అదే ధర. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ కంపెనీ మనిషిని చూస్తుంది. వయసెంత, లైసెన్సు వచ్చి ఎన్నాళ్ళయింది, ఏ వీధిలో ఉంటారు, రాత్రి కారు ఎక్కడ నిలుపుతారు, ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతారు, ఏమి ఉద్యోగం, లోగడ ప్రమాదాలు జరిగాయా, ఇవన్నీ అడిగి ధర కడుతుంది. అప్పట్లో కార్లను కూడా 1 నుండి 50 వరకు తరగతులుగా విడదీసేవారు. అంకె పెరిగేకొద్దీ ధర పెరిగేది. దీని మీద 12 శాతం పన్ను.

“ఆడపిల్లవు గదా, నిదానంగా నడుపుతావు, తగ్గించరా?” అని మా వారు అడిగారు. లోగడ తగ్గించేవారట. 2011లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వలన 2012 డిసెంబరు 21 నుండి ఆడా మగా తేడా చూపి ధర కట్టకూడదు.

ఆలోచిస్తే కంపెనీవారి లెక్కలో కొంత న్యాయం లేకపోలేదు. బ్రిటనులో 2022లో కారు ప్రమాదాల్లో చనిపోయినవారిలో, తీవ్రంగా గాయపడినవారిలో దాదాపు ఐదో వంతు మంది, ఇరవై నాలుగేళ్ళ లోపు పిల్లలు నడిపిన కారు ఉన్న ప్రమాదాల్లోనే అలా అయ్యారు. మా అమ్మాయికి అప్పటికి ఇరవై ఆరు. ఆ గుంపులోది కాదు. కాని ఆమె ఎలా నడుపుతుందో చెప్పడానికి వెనుక ఒక్క సంవత్సరం కూడా లేదు. కాడికి కొత్తగా కట్టిన కోడెను ఏ రైతూ మొదటి రోజే కాలువ గట్టు మీదికి తోలడు. ఆ కోడె చెడ్డదని కాదు, దాని నడత ఇంకా తెలియదు గనుక. కంపెనీ కూడా తెలియనితనానికే ధర కడుతోంది. పైగా 2023లో అక్కడ బీమా ధరలన్నీ విపరీతంగా పెరిగాయి. మా అమ్మాయి సరిగ్గా ఆ వేడిలో వెళ్ళి పడింది.

ఇంతలో ఒక దారి కనిపించింది. అమ్మాయి ఉండే ఊళ్ళో మన తెలుగువారు ఒకరున్నారు. ఇరవై ఏళ్ళుగా అక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి. మా పిల్ల వెళ్ళిన మొదటి వారంలో బియ్యం, పచ్చడి ఇచ్చి ఆదుకున్న మంచి మనిషి. ఆయన అన్నారట, “కారు నీదే, నువ్వే నడుపుకో. బీమా కాగితంలో మాత్రం ముఖ్యంగా నడిపేది నేనని రాద్దాం. నిన్ను రెండవ డ్రైవరుగా చేరుద్దాం. మా అమ్మాయికీ అలాగే చేశాను. అందరూ చేసేదే” అని. అలా చేస్తే 810 పౌండ్లతో సరిపోతుంది. 1,130 పౌండ్లు మిగులుతాయి. అంటే మన డబ్బు సుమారు లక్షా పద్దెనిమిది వేలు. మాకు అయిదు నెలల అప్పు వాయిదా.

“ఎవరి పేరు రాయమంటారు నాన్నా?” అని అడిగింది.

దాచకుండా చెబుతున్నాము. మేము ఆ రోజు, “అంకుల్‌గారు చెప్పినట్టు చెయ్యి తల్లీ. పెద్దవారు, అక్కడి సంగతులు తెలిసినవారు” అన్నాము. ఎవరి సొమ్మూ దొంగిలించడం లేదు గదా, ఒక పెద్ద కంపెనీ కాగితంలో ఒక పేరు ముందుకూ ఒక పేరు వెనక్కూ మారుతుంది, అంతే గదా అనుకున్నాము. అమ్మాయి “సరే నాన్నా” అంది గాని, ఆ సరేలో సంతోషం లేదు. ఇంటి నుండి కాదు అనే మాట వస్తుందని ఎదురు చూసిందేమో అని తరువాత అనిపించింది.

మరునాడు ఉదయం మా గుమ్మం ముందుకు ఒక మనిషి వచ్చాడు. దొడ్లో కాసిన తోటకూర రెండు కట్టలు తెచ్చి, “అమ్మగారూ, మాస్టారున్నారా?” అని పిలిచాడు. అతడు నడిస్తే ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. ఇరవై ఎనిమిది ఏళ్ళుగా ఆ నడక చూస్తూనే ఉన్నాము. ఆ ఉదయం మాత్రం మాలో ఎవరికీ అతని ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

అది 1996 నాటి మాట. మా వారు పక్క ఊరి బడికి వెళ్ళడానికి అంతకు కొద్ది నెలల ముందు పాత స్కూటరు ఒకటి కొన్నారు. లైసెన్సు వచ్చి రెండు నెలలయింది. స్కూటరుతో వచ్చిన బీమా కాగితం అప్పటికే గడువు దాటింది. తిరిగి కట్టించడానికి ఒక బస్తా ధాన్యం ధర కూడా అక్కరలేదు. అయినా, “జీతం రానీ, వచ్చే నెల చూద్దాం” అనుకున్నాము. ఆ నెల ఫీజు, పై నెల పండుగ. కాగితం అలాగే ఉండిపోయింది.

ఒకనాటి సాయంత్రం, చీకటి పడే వేళ, కాలువ గట్టు మీద గడ్డి మోపు సైకిలు మీద పెట్టుకుని ఇతడు ఎదురుగా వస్తున్నాడు. కొత్త చేయి. కంగారులో బ్రేకు తొక్కవలసింది పోయి యాక్సిలరేటరు తిప్పేశారు. అతని చీలమండ పైన ఎముక విరిగింది. బెజవాడ తీసుకువెళ్ళి ఆపరేషను చేయించాము. ఆనాడు పద్నాలుగు వేలయింది. పాడిగేదెను అమ్మాము, చేతి గాజులు తాకట్టు పెట్టాము. మూడు నెలలు వాళ్ళింటికి బియ్యం పంపాము. అతడు కేసు పెట్టలేదు. “మాస్టారు కావాలని చేశారా?” అన్నాడు. ఊళ్ళో అందరూ మమ్మల్ని మెచ్చుకున్నారు.

కాని అసలు లెక్క వేరు. బీమా ఉంటే అతడు ప్రమాదాల ట్రిబ్యునలుకు వెళ్ళి, వైద్యం ఖర్చుతో పాటు పోయిన కూలికి, కాలికి వచ్చిన అవిటితనానికి కూడా పరిహారం పొందేవాడు. మేము మా దగ్గర ఉన్నది ఇచ్చాము. అతనికి రావలసినది ఇవ్వలేదు. ఆ తరువాత అతడు మిరప చేల పనికి పోలేకపోయాడు. అతని పెద్దకొడుకు ఏడవ తరగతితో చదువు మానేశాడు. మా వారి బడిలోనే చదివే పిల్లవాడు.

అతడు తోటకూర ఇచ్చి వెళ్ళాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. చివరికి మా వారు, “అమ్మాయి లేచే వేళ అయిందా?” అని అడిగారు.

ఫోనులో ముందు తిన్నగా చెప్పాము. “నిన్న మేము చెప్పింది తప్పు. నడిపేది నువ్వు గనుక నీ పేరే రాయి. అప్పు సంగతి మేము చూసుకుంటాము.” అమ్మాయి ఏడ్చింది. రాత్రంతా తానూ అక్కడి నియమాలు చదువుతూ కూర్చుందట. అవి విన్నాక, మేము ఎంత తేలికగా “సరే” అన్నామో తలచుకుని భయం వేసింది.

ముఖ్యంగా నడిపేవారి పేరు దాచి వేరొకరి పేరు రాయడం అక్కడ మోసం కింద లెక్క. ప్రమాదం జరిగి విచారిస్తే బయటపడుతుంది. అప్పుడు కంపెనీ ఆ బీమాను చెల్లనిదిగా చేయవచ్చు. మన కారుకు పైసా ఇవ్వదు. ఎదుటివారికి చట్టప్రకారం చెల్లించవలసి వచ్చినా, ఆ సొమ్మును మన దగ్గర రాబట్టుకోవచ్చు. ఒకసారి బీమా అలా రద్దయితే ఆ సంగతి ఆ తరువాత ప్రతి కంపెనీకీ చెప్పుకోవాలి. బీమా లేకుండా నడిపినట్టు తేలితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 తప్పు పాయింట్లు. కొత్తవారికి 1995లో ఒక ప్రత్యేక చట్టం చేశారు. పరీక్ష గెలిచిన రెండేళ్ళలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, రెండు పరీక్షలూ మళ్ళీ మొదటి నుండి రాయాలి. ఇక నర్సులకు నేరశిక్ష పడితే వారి పేర్లు నమోదు చేసుకునే మండలికి తెలియజేయవలసి ఉంటుంది. లక్షా పద్దెనిమిది వేల కోసం ఆ పిల్ల చదివిన చదువును పందెంలో పెట్టబోయాము. ఆ అంకుల్‌గారికి కూడా కష్టమే. ఆయన ఇన్నేళ్ళుగా నిలుపుకున్న మంచి పేరు ఆ కాగితంతో పోయేది.

అమ్మాయి ఆయన దగ్గరకు వెళ్ళి, “వద్దు అంకుల్, నా పేరు మీదే తీసుకుంటాను” అని మర్యాదగా చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. తక్కువ ధరకు న్యాయమైన దారులు ఏమున్నాయో వెతకడానికి ఆయనే పక్కన కూర్చున్నారు. విదేశాలలో పిల్లలున్నవారికి పనికివస్తాయని అవి చెబుతున్నాము.

మొదట కారు మార్చింది. తక్కువ తరగతిలో ఉన్న, వెయ్యి సీసీ చిన్న కారు 1,900 పౌండ్లకు తీసుకుంది. రెండవది, కారులో ఒక చిన్న పెట్టె పెట్టించుకుంది. దానిని నల్ల పెట్టె అంటారు. ఎంత వేగంగా వెళ్ళింది, బ్రేకు ఎంత గట్టిగా తొక్కింది, ఏ వేళలో నడిపింది, అన్నీ అది కంపెనీకి చెబుతుంది. బాగా నడిపితే పై ఏడు ధర తగ్గుతుంది, చెడ్డగా నడిపితే పెరుగుతుంది. మూడవది, నెలనెలా కడితే వడ్డీ కలుపుతారు గనుక ఒకేసారి కట్టింది. నాలుగవది, ప్రమాదం జరిగితే మొదట తాను భరించే మొత్తాన్ని తనకు శక్తి ఉన్నంతవరకు పెంచుకుంది. చివరి రోజు దాకా ఆగక మూడు వారాల ముందే నాలుగైదు కంపెనీల ధరలు పోల్చి చూసింది. మూడవ పక్షం బీమా ఒక్కటే తీసుకుంటే చౌక అనుకుంటాము గాని, అక్కడ చాలాసార్లు పూర్తి బీమాయే తక్కువకు వస్తుందట. అనుభవం ఉన్న పెద్దవారు నిజంగానే అప్పుడప్పుడు ఆ కారు నడిపేటట్టయితే వారి పేరు రెండవ డ్రైవరుగా చేర్చవచ్చు, అందులో తప్పు లేదు. మొదటి పేరు మాత్రం నిజంగా నడిపేవారిదే ఉండాలి.

ఇన్ని చేసినా 1,310 పౌండ్లయింది. అంకుల్‌గారి పేరుతో అయ్యేదాని కంటే 500 పౌండ్లు ఎక్కువ. కారుకూ బీమాకూ చేతిలో ఉన్నదంతా అయిపోయింది. అయిదు నెలలు ఇంటికి డబ్బు రాలేదు. అప్పు ఇచ్చినాయన దగ్గరకు వెళ్ళి గడువు అడిగాము. వడ్డీ కలిపి తీసుకున్నాడు. ఆ ఏడాది ఇంటికి సున్నం వేయలేదు. ఇదేమీ ఆనందంగా చేశామని చెప్పము. మా వారు ఒకటి రెండుసార్లు, “ఆ డబ్బు ఉంటేనా…” అని మధ్యలో ఆగిపోయారు.

2025 వేసవిలో కొన్ని వారాల కోసం మేము అక్కడికి వెళ్ళాము. కారు వెనుక ఆకుపచ్చ రంగు పి అక్షరం అంటించుకుంది. అది తప్పనిసరి కాదట. నేను కొత్తదాన్ని, కొంచెం ఓర్చుకోండి అని వెనుకవారికి చెప్పడానికి పెట్టుకుంది. రోడ్డు పక్కన మురుగు కాలువ, మా కాలువ గట్టులాగే. ఎదురుగా సైకిలు మీద ఒక ముసలాయన వస్తుంటే అమ్మాయి వేగం తగ్గించి, ఆయనకు దారి వదిలి, దాటిపోయేదాకా ఆగింది. వెనుక సీట్లో మా వారు ఆ ముసలాయననే చూస్తూ కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడు ఒక్క ప్రమాదమూ లేనందున బీమా 790 పౌండ్లకు దిగింది.

ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే పరీక్ష మా గుమ్మంలోకి వచ్చింది. మా చిన్నబ్బాయి అంతకు ముందే కారు లైసెన్సు తెచ్చుకున్నాడు. మేనకోడలి పెళ్ళికి మమ్మల్ని తీసుకువెళ్ళడానికి స్నేహితుని పాత కారు తెచ్చాడు. మా వారు ఎక్కకుండా కాగితాలు అడిగారు. బీమా గడువు దాటి నాలుగు నెలలయింది.

“నాలుగు మైళ్ళే గదా నాన్నా!” అన్నాడు.

“మీ అక్కను లక్ష రూపాయలు ఎక్కువ కట్టమన్నాను. నిన్ను ఊరికే ఎలా వదులుతానురా?” అన్నారు. ఆటోలో పెళ్ళికి వెళ్ళాము. కొత్త చీరలకు దుమ్ము పట్టింది. మరుసటి వారం ఆ స్నేహితుడు 3,416 రూపాయలూ, పైన పన్నూ కట్టి కాగితం తెచ్చి మాకు చూపించాడు. ఇంత చిన్న మొత్తమని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదట.

మన ఊళ్ళలో ఈ నిర్లక్ష్యం చాలా ఉంది. 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారుకు మూడేళ్ళు, కొత్త మోటారు సైకిలుకు అయిదేళ్ళు మూడవ పక్షం బీమా కొనేటప్పుడే కట్టించుకుంటున్నారు. ఆ అయిదేళ్ళు గడిచేసరికి అందరమూ మరచిపోతాము. పాత బండి కొన్నవారు బీమాను పధ్నాలుగు రోజులలోగా తమ పేరు మీదికి మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. బీమా లేకుండా నడిపితే 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారి 2,000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా. జైలు శిక్ష కూడా వేయవచ్చు. లైసెన్సు లేని పిల్లల చేతికి బండి ఇస్తే, బీమా ఉన్నా కంపెనీ ఆ సొమ్మును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

బీమా మన బండి కోసమని అనుకుంటాము. చట్టం తప్పనిసరి చేసింది మన బండి కోసం కాదు, సైకిలు మీద గడ్డి మోపుతో ఎదురుగా వచ్చే మనిషి కోసం. అతడు మనలను కాగితం అడగడు. అడగడం అతనికి తెలియదు.

ఈ పత్రిక చదవడం అయ్యాక ఒక్క నిమిషం పక్కన పెట్టి, మీ ఇంటి బండి కాగితాలు తీసి బీమా తేదీ చూడండి. మీ పిల్లలెవరైనా దూరదేశం నుండి ఫోను చేసి, “ఎవరి పేరు రాయమంటారు?” అని అడిగితే, మేము మరునాడు చెప్పిన మాటను మీరు ఆ రోజే చెప్పండి.